భయం నేర్పేదీ మనమే, పిరికిదనేదీ మనమే

"ఆడపిల్లకు భయముండాలె" అని మన ఇళ్లలో పొద్దున లేచింది మొదలు నూరిపోస్తారు. అలా నేర్పిన భయమే ఒకనాడు కడుపునొప్పిగా, నిద్ర పట్టకపోవడంగా, పక్క తడపడంగా బయటపడితే "పిరికిది" అంటారు, "గాలి సోకింది" అని తాయెత్తు కడతారు. ఆ భయాన్ని పెంచి పోషించిన కుటుంబాన్ని మాత్రం ఎవరూ ప్రశ్నించరు.

సమాజశాస్త్రం చదవకముందే నాకీ సంగతి తెలుసు. శామీర్‌పేట పక్క పల్లెలో పుట్టి పెరిగాను. నాన్న తాగివచ్చి అమ్మను కొట్టే రాత్రుళ్లు నేను కొట్టంలోకి పోయి మేకపిల్లను కావలించుకుని పడుకునేదాన్ని. దాని ఒంటి వెచ్చదనానికి నా వణుకు తగ్గేది. సెలవుల్లో పక్కింటి నేస్తంతో కలిసి చెరువు వైపు మేకల్ని తోలుకుపోయేదాన్ని. ఇంట్లో చెప్పలేనివి ఆమెకు చెప్పుకునేదాన్ని. ఆమెకూ చెప్పలేనివి మేకపిల్లకు చెప్పేదాన్ని. ఒక ఏడు బోనాలకు ఆ మేకను పోచమ్మకు కోశారు. ఆ ఏడే నా నేస్తం పెద్దమనిషైంది. ఆమెను గడప దాటనివ్వలేదు, ఏడాది తిరక్కముందే పెళ్లి చేసి పంపారు. "మేక కోసం ఏడుస్తవా!" అని అందరూ నవ్వారు. నేస్తం కోసం ఏడ్చినట్టు ఎవరూ గమనించనైనా లేదు.

ఆడపిల్లలు మేకల వెంటే ఉండాలని నేననడం లేదు. ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి అప్పటి రంగారెడ్డి జిల్లాలో చేసిన కృషి వల్లే, బడికి పోకుండా పశువులు కాసే పిల్ల కూడా బాలకార్మికురాలేనన్న అవగాహన బలపడింది. ఆ ఉద్యమాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. బడి పిల్లల హక్కు. ఇందులో రాజీ లేదు.

కాని మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. 2004లో కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మొదలయ్యాక ఎందరో పేదింటి పిల్లలు హాస్టళ్లకు చేరారు. మంచాలు లెక్కపెట్టాం, హాజరు లెక్కపెట్టాం. ఆ పిల్ల వెనక ఏం వదిలి వచ్చిందో అడిగామా? రాత్రి ఏడిస్తే "నాలుగు రోజులైతే అలవాటవుతుంది" అన్నాం. ఇద్దరు పిల్లలు ఎప్పుడూ కలిసి తిరిగితే "ముచ్చట్లెక్కువయ్యాయి" అని వేరువేరు గదుల్లో వేశాం. ఇంట్లో తండ్రి చేసిన పనికీ, మనం చేసిన దానికీ తేడా ఎంత?

ఊళ్లూ మారిపోయాయి. మేడ్చల్ పక్కన పరిశ్రమలు, శామీర్‌పేట దగ్గర 1999 తర్వాత జీనోమ్ వ్యాలీ, ఆపైన ఔటర్ రింగు రోడ్డు, దాని వెంట వెంచర్లు వచ్చాయి. మేకలు మేసిన బీళ్లకు ప్రహరీలు లేచాయి. ఆ ప్రహరీ లోపలి పిల్ల దిగులు పడితే డాక్టరు సలహాతో కుక్కపిల్లను కొనిపెడతారు. బయట రేకుల గదిలో తమ్ముణ్ణి చూసుకుంటూ కూచున్న కూలివాళ్ల పిల్ల దిగులుకు పేరే లేదు. భయానికి వర్గం లేదేమో గాని, ఓదార్పుకు ఉంది.

చట్టాలకు కొదవ లేదు. విశ్రాంతి, ఆట పిల్లల హక్కులని బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం చెబుతుంది. భారత ప్రభుత్వం దాన్ని 1992లో అంగీకరించింది. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో మానసిక వేధింపును నిషేధించింది. 2022లో 14416 నంబరుతో టెలి మానస్ వచ్చింది. మంచిదే. కాని పన్నెండేళ్ల పిల్ల ఇంట్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుంది? ఆమెను భయపెట్టేవాడి చేతిలోనే అయితే?

అందుకే మనం అడగాల్సినవి ఇవి. ఒకే ఊరి నుంచి హాస్టలుకు వచ్చిన నేస్తాలను విడదీయకూడదు. ప్రతి బాలికల బడిలోనూ పిల్లల మాట వినడమే పనిగా ఒక మహిళా కౌన్సెలర్ ఉండాలి. లేఅవుట్లకు అనుమతి ఇచ్చేటప్పుడు పిల్లలకూ పశువులకూ ఖాళీ జాగా మిగలాలి. పిల్ల పెంచుకున్న జీవాన్ని అమ్మేముందు, కోసేముందు ఆ పిల్లను ఒక్క మాట అడగాలి. వీటన్నిటికన్నా ముందు, రాత్రి పూట ఆమె కొట్టంలోకి పారిపోవాల్సిన అవసరం లేని ఇల్లు కావాలి. మేకపిల్ల నా వణుకు తగ్గించింది గాని, నాన్న చెయ్యి ఆపలేకపోయింది. అది ఆపాల్సింది మనం.