ఈ దెబ్బలకు నొప్పి ఎందుకు లేదు?

జపాన్ కుర్ర గ్యాంగుల సినిమాలంటే చాలామంది నోట ముందుగా వచ్చే పేరు ‘క్రోజ్ జీరో’. 2007లో తకాషి మీకే తీశాడు. దాన్ని నెత్తిన పెట్టుకునే అభిమానులతో నాకు పేచీ ఉంది. అది అబద్ధం. అద్భుతంగా తీసిన అబద్ధం కాబట్టి మరీ ప్రమాదం.

సుజురాన్ అనే మగపిల్లల హైస్కూలు. గోడల నిండా రాతలు. చదువు ఊసే ఉండదు. గెంజి అనే కుర్రాడు అందరినీ కొట్టి ఆ బడిని ఏలాలనుకుంటాడు. గెలిస్తే యాకుజా నాయకుడైన తండ్రి ముఠా పగ్గాలు అప్పగిస్తాడు. అంటే ఈ కథలో పెద్దవాళ్లు పిల్లలకు చూపించే భవిష్యత్తు అదొక్కటే, సినిమా దానికి ఈల వేస్తుంది. చివర్లో వానలో, బురదలో రెండు గ్యాంగులు కలబడతాయి. సరిగ్గా అప్పుడే అవతలి నాయకుడు సెరిజావా ప్రాణస్నేహితుడికి మెదడు ఆపరేషన్. ఒక షాటు ఇక్కడ, ఒక షాటు అక్కడ. వాణ్ణి ఆ బల్ల ఎక్కించింది గుద్దులు కాదు, జబ్బు! అంతమంది మొహాలు పగలగొట్టుకుంటుంటే ప్రాణభయాన్ని ఎక్కడి నుంచో అరువు తెచ్చుకోవాల్సి వచ్చిందన్నమాట.

‘మాంగా (జపాన్ కామిక్స్) కథ కదా, నిజం వెతుకుతావేం’ అంటారు. వెతుకుతాను. 2002లో విడుదలైన ‘బ్లూ స్ప్రింగ్’ కూడా మాంగా కథే. తొషియాకి తొయోదా తీశాడు. అందులో కుర్రాళ్లు బడి మేడ మీద రెయిలింగ్ బయట నిలబడి, పట్టు వదిలేసి చప్పట్లు కొడతారు. ఎక్కువసార్లు కొట్టినవాడే లీడర్. గెలిచిన కుజోకి ఆ పదవి అక్కర్లేదు. దాని కోసమే బతికిన స్నేహితుడు అఓకి లోపల్లోపల కుళ్లిపోతాడు. చివరికి రాత్రంతా ఒక్కడే ఆ అంచున నిలబడి, తెల్లవారాక చప్పట్లు మొదలుపెట్టి పడిపోతాడు. ఆపడానికి కుజో మెట్ల మీదుగా పరుగెత్తుతాడు. అందుకోలేడు. పదిహేడేళ్ల వయసులో పంతం ఎంత చౌకగా ప్రాణం తీస్తుందో చెప్పడానికి తొయోదాకి పెద్ద ఫైటే అక్కర్లేకపోయింది. 2014లో అదే తొయోదా ‘క్రోజ్ ఎక్స్‌ప్లోడ్’ తీశాడు. నాకు ఒళ్లు మండేది అందుకే: నిజం తెలిసినవాణ్ణి కూడా ఈ వ్యాపారం తనలో కలిపేసుకుంది. ఆ తర్వాతి ‘హై అండ్ లో’ సినిమాలైతే సరేసరి, ఎక్జైల్ పాటల బృందాల తారలను నిలబెట్టే ఫ్యాషన్ పరేడ్.

అసలు కుర్రాళ్లు ఎలా ఉండేవారో 1976లోనే మిత్సువో యానగిమాచి డాక్యుమెంటరీ తీశాడు. అది ‘బ్లాక్ ఎంపరర్స్’ అనే మోటార్‌సైకిల్ గ్యాంగు గురించి. అందులో ఇల్లుంది, కన్నవాళ్లున్నారు, పోలీసు కేసుంది.

కజుయుకి ఇజుత్సు ‘పచ్చిగి’ (2005) ఇంకో మెట్టు పైన. 1968 క్యోటో. జపాన్ కుర్రాళ్లకూ అక్కడి కొరియన్ స్కూలు కుర్రాళ్లకూ నిత్యం కొట్లాటలు. ఆ గొడవల్లో ఒక కొరియన్ కుర్రాడు పోతాడు. చావింటికి వచ్చిన జపాన్ అబ్బాయిని ఒక ముసలాయన నిలదీస్తాడు: మమ్మల్ని బలవంతంగా పనికి ఈడ్చుకొచ్చిన సంగతి నీకేం తెలుసు అని. ఆ అబ్బాయి బయటికొచ్చి వంతెన మీద గిటారు బద్దలుకొట్టుకుంటాడు. అక్కడ ప్రతి గుద్దు వెనకా ఒక వలసపాలన ఉంది, తరాల అవమానం ఉంది. సుజురాన్ గుద్దు వెనక ఏముంది? ‘పచ్చిగి’ చూశాక కూడా తకాషి మీకే తీసిన వాన ఫైటే గొప్పదనేవాళ్లు రండి, వాదించుకుందాం.