గడ్డే కదా అనుకోకండి

మా అత్తయ్య గారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ట్రుగనీనా పాత శ్మశానం చూసి "సమాధుల మధ్య ఇంత గడ్డి పెరిగితే కోయించరా అమ్మా?" అన్నారు. అప్పుడు నేనూ అవునే అనుకున్నాను. ఇప్పుడు మాత్రం కోయకండి అంటాను.

అది పిచ్చిగడ్డి కాదు. మెల్‌బోర్న్ పడమటి మైదానాల అసలు గడ్డి. చుట్టుపక్కలంతా దున్నేశారు, గొర్రెలు మేశాయి, తర్వాత మన ఇళ్ళొచ్చాయి. శ్మశానాన్ని ఎవరూ దున్నలేదు కాబట్టి అక్కడ కాస్త మిగిలింది.

అక్కడ బటన్ రింకిల్‌వర్ట్ అనే పసుపు పువ్వు పూస్తుంది. చామంతి కుటుంబమే, చొక్కా బొత్తమంత ఉంటుంది. సాధారణంగా తన పుప్పొడితో తాను గింజ కట్టలేదు. సరిపడే ఇంకో మొక్క దగ్గర్లో ఉండాలి, పుప్పొడి మోసే పురుగు రావాలి. మొక్కలు తగ్గితే గింజలు తగ్గుతాయి. పైకి పచ్చగా పూస్తూనే ఉంటుంది, లోపల వంశం ఆగిపోతుంటుంది.

ఈ మైదానాల్లోనే గోల్డెన్ సన్ మాత్ అనే చిన్న రెక్కల పురుగు కూడా ఉంది. దాని పిల్లలు మట్టిలో వాలబీ గడ్డి లాంటి వాటి వేళ్ళు తిని పెరుగుతాయి. రెక్కలొచ్చాక తినడానికి నోరే ఉండదు, కొద్ది రోజులే బతుకుతుంది. ఆడది ఎక్కువ ఎగరలేదు. మగది కూడా గడ్డి దాటి దూరం పోదు. మధ్యలో రోడ్డు పడిందా, అటువి అటే, ఇటువి ఇటే. గడ్డి పోతే పురుగూ పోతుంది.

2010లో విక్టోరియా ప్రభుత్వం ఒక మాట ఇచ్చింది. ఇక్కడ ఇళ్ళు కట్టనిచ్చి, బదులుగా 2020 కల్లా 15,000 హెక్టార్ల గడ్డిభూమి కొని కాపాడతామంది. 2020లో ఆడిటర్ జనరల్ చూస్తే కొన్నది 10 శాతమే.

ఇల్లు కొనుక్కోవడం తప్పని నేననను, మాదీ ఇక్కడి ఇల్లే. కానీ ఆ బాకీలో మన ఇళ్ళకీ వాటా ఉంది. పాముల భయం నిజమే, మన ఇంటి చుట్టూ కోసుకుందాం. కాపాడుతున్న చోట మాత్రం పిల్లల్ని పూలు కోయనివ్వద్దు. పెరట్లో ఓ మూల వాలబీ గడ్డి వేద్దాం. ఎన్నికలప్పుడు ఓటడగడానికి వచ్చినవాళ్ళని "ఆ 15,000 హెక్టార్లు ఎంతవరకు వచ్చాయండీ?" అని అడుగుదాం.

అడిగేవాళ్ళుంటేనే కదా, ఇచ్చిన మాట గుర్తుండేది!