ఇంజను లేని బండి కొండ ఎక్కే విధము

రోలర్ కోస్టరును చూచిన పిల్లలు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది: “దీనికి ఇంజను ఎక్కడ?” చాలా కోస్టరు బండ్లకు ఇంజనే లేదు. మొదటి మెట్టను ఎక్కించటంతో యంత్రం పని సరి. తరువాతి దిగుళ్ళూ, మలుపులూ, చిన్న మెట్టలూ అన్నీ ఆ ఎత్తులో పెట్టిన పెట్టుబడి మీదనే జరుగుతవి. దారిలో గాలీ, ఒరపిడీ వడ్డీ తీసుకొంటవి గనుక, వెనుక వచ్చే ఏ మెట్టా మొదటిదానంత ఎత్తు ఉండరాదు.

1884లో న్యూయార్కులోని కోనీ ఐలెండులో లామార్కస్ థాంప్సన్ ఇటువంటి బండి పెట్టినప్పుడు, జనమే మెట్లెక్కి పైకిపోయి కూర్చునేవారు. తరువాత గొలుసు వచ్చినది. అక్కడే 1927లో కట్టిన సైక్లోన్ బండిని 85 అడుగుల ఎత్తుకు లాగేది గొలుసే. మొదలూ చివరా లేని ఆ గొలుసు మోటారుతో పట్టాల నడుమ తిరుగుతూ ఉంటుంది. బండి అడుగున ఉన్న కొక్కెం దానిని పట్టుకొని ఎక్కుతుంది, శిఖరం చేరగానే వదలివేస్తుంది.

ఎక్కేటప్పుడు టక్ టక్‌మని వినిపించే చప్పుడు మాత్రం వేరు. బండి క్రింద మరొక ఇనుప నాలుక ఉన్నది. పట్టాల వెంట అమర్చిన రంపపు పళ్ళమీద అది ఒక్కొక్క పన్నూ దాటి పడుతుంటే వచ్చే శబ్దమది. ఆ నాలుక బండిని పైకి పోనిస్తుంది, వెనుకకు రానీయదు. గొలుసు తెగినా బండి అక్కడే నిలుస్తుంది. ఎత్తు ఎక్కే ఎడ్లబండి చక్రం వెనుక రాయి పెట్టటం మన పెద్దలు ఎరిగినదే. ఇక్కడ ఆ రాయి అడుగడుగునా తనంతట తానే పడుతుంది.

గొలుసు లేకుండా ఎక్కినవీ ఉన్నవి. న్యూజెర్సీలో 2005లో వచ్చిన కింగ్డా కా, నూనె ఒత్తిడి యంత్రం విసరగా, మూడున్నర సెకన్లలో గంటకు 128 మైళ్ళ వేగం అందుకొని 456 అడుగులు ఎక్కేది. ఊపు చాలని రోజున శిఖరం చేరకనే వెనుకకు జారివచ్చేది. పట్టాల నడుమ బ్రేకులు లేచి దానిని ఆపేవి. 2024లో దానిని మూసి, 2025లో కూల్చివేశారు.

కనుక ఈసారి పిల్లలు ఆ టక్ టక్ విని బెదిరి మీ చేయి పట్టుకొంటే, అది మనకు కాపలా కాసే చప్పుడని చెప్పండి.