అందరికీ ఒకే గిన్నె

బంగాళాదుంప సలాడ్ అనగానే మయొనీజ్ సీసా మూత తీసేవాళ్ళతో నాకో చిన్న తగవుంది. మయొనీజ్ బాగుండదని కాదు, బాగానే ఉంటుంది. అది లేకపోతే సలాడే కాదన్నట్టు మాట్లాడితే మాత్రం ఒప్పుకోను.

మా అత్తయ్యగారు గుడ్డు ముట్టరు. పిల్లలకి గుడ్డు లేనిదే ముద్ద దిగదు. ఇలాంటి ఇళ్ళు మనలో బోలెడు. ఏ పుట్టినరోజుకో నలుగురూ చేరినప్పుడు గమనించండి. పెద్ద గాజు గిన్నెలో తెల్లగా నిగనిగలాడే సలాడ్ చేతులు మారుతూ వస్తుంది. గుడ్డు తినని పెద్దావిడ దగ్గరకొచ్చేసరికి ఆ గిన్నె పక్కకి జరుగుతుంది. "మీకు పెరుగన్నం కలిపి ఉంచాం పిన్నిగారూ" అంటారు. ఆవిడేమో "నాకెందుకమ్మా ఇవన్నీ" అని నవ్వేస్తుంది. ఆవిడకి ఇష్టం లేదేమో అనుకుని మనం ముందుకెళ్ళిపోతాం. బంగాళాదుంప ఏ రూపంలో పెట్టినా మా అత్తయ్యగారు ఇంకో గరిటె వేయించుకోవడం ఇరవయ్యేళ్ళుగా చూస్తున్నదాన్ని, ఆ నవ్వుని నేను నమ్మను.

గుడ్డు లేని మయొనీజ్ కూడా దొరుకుతోందిగా అంటారు. దొరుకుతోంది. సీసా వెనక చిన్న అక్షరాలు చదవండి, అందులో పెద్ద వాటా నూనెదే. ఇంట్లో పెరుగూ మీగడా ఉండగా ఆ నూనె కొనడానికి నాకు చెయ్యి రాదు.

పోనీ ఇంట్లోనే చేసుకుందామా అంటే, పచ్చసొనలో నూనె చుక్కచుక్కగా పోస్తూ, కాస్త వెనిగర్ వేసి గిలక్కొట్టడమే. సొనలో ఉండే లెసిథిన్ నూనెనీ నీటినీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ అది ఎక్కడా పొయ్యి ఎక్కదు. గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే నేరుగా కంచంలోకి వస్తుంది. 2024 అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయొనీజ్‌ని ఏడాదిపాటు నిషేధించింది ఇందుకే. ఇంట్లో ఎవరి కడుపు పాడైనా ముందు వచ్చే ప్రశ్న "ఏం పెట్టావ్?" అనే కదా. జవాబు చెప్పాల్సింది మనమే.

అసలు సలాడ్ అంటూ ఒక్కటే ఉంటే ఆ తీరుగానే చేయాలనవచ్చు. 1860ల్లో మాస్కోలోని హెర్మిటేజ్ రెస్టారెంటులో లూసియన్ ఒలివియే చేసిన సలాడ్ పేరు చెప్పి రష్యావాళ్ళు ఈనాటికీ మయొనీజ్ దట్టిస్తారు. దక్షిణ జర్మనీలో మయొనీజ్ ఊసే ఉండదు, వేడి దుంపల మీద వెనిగరూ, మాంసం ఉడికిన చారూ, ఆవముద్దా పోస్తారు. వాళ్ళలో వాళ్ళకే కుదరనప్పుడు మనకెందుకు మొహమాటం?

నేను చేసేది ఇదీ. అరకిలో దుంపలకి అరలీటరు కమ్మటి పెరుగు. పుల్లబడింది వద్దు, అది మజ్జిగపులుసుకి ఉంచుకోండి. పెరుగుని పల్చటి నూలుబట్టలో మూటకట్టి, గిన్నె మీద జల్లెడ పెట్టి అందులో ఉంచి, ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు వదిలేస్తాను. కారిన నీళ్ళు చపాతీ పిండికి పనికొస్తాయి. దుంపలు పల్చటి తొక్క ఉన్న కొత్తవైతే ముక్క విరగదు. ఉప్పు వేసిన చన్నీళ్ళలో తొక్కతోనే, కుక్కర్ మూత పెట్టకుండా ఉడికిస్తాను. కూతల మీద వదిలేస్తే ముక్కలు మిగలవు, ముద్దకూరే. చెయ్యి కాలుతుండగానే తొక్క తీసి, ముక్కలు చేసి, రెండు చెంచాల నిమ్మరసమో వెనిగరో చల్లాలి. వేడి దుంప పులుపుని లోపలికి పీల్చుకుంటుంది, చల్లారాక పోస్తే పైపైనే నిలుస్తుంది.

ఆరాకే పెరుగు. అందులో రెండు చెంచాల మీగడ, చెంచాడు ఆవపిండి, మిరియాల పొడి, చిటికెడు పంచదార. ఆవపిండిని ముందుగా చన్నీళ్ళతో కలిపి పది నిమిషాలు పక్కన పెడితే ఘాటు లేస్తుంది. ఆవపెట్టిన కూర వండేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఆఖరున రెండు దుంప ముక్కలు ఆ పెరుగులోనే మెత్తగా చిదమండి. ఆ గంజితో పెరుగు చిక్కబడి ముక్కని పట్టుకుంటుంది. మయొనీజ్ లేని లోటు అక్కడే తీరుతుంది. ఉల్లిపాయ, గింజ తీసిన కీరా, కొత్తిమీర మీ ఇష్టం.

"ఇంతోటిదానికి పెరుగుపచ్చడి అనొచ్చుగా" అంది మా పక్కింటి వదిన. అనకూడదు. పెరుగుపచ్చడికి పోపు ప్రాణం. ఇంగువ, ఎండుమిరప, కరివేపాకు పడ్డాయంటే దుంప వెనక్కి పోయి పోపు మాట్లాడుతుంది. అది అన్నంలోకి బాగుంటుంది, దీనికి వద్దు. పోపు పెట్టేసి సలాడ్ అని పిలిస్తే రెండిటికీ అన్యాయమే.

ఒక గంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే రుచులు కలుస్తాయి. పెరుగేగా అని ఎండాకాలంలో గంటకి మించి బల్ల మీద వదిలేయకండి, ఐసు ముక్కలు పోసిన పళ్ళెంలో గిన్నెని కూర్చోబెట్టండి. గుడ్డు కావాలనే పిల్లలకి గట్టిగా ఉడికించినవి కోసి వేరే పళ్ళెంలో పెట్టేస్తాను, ఎవరి కంచంలో వాళ్ళు వేసుకుంటారు. సలాడ్ గిన్నె మాత్రం ముందు అత్తయ్యగారి దగ్గరికే వెళ్తుంది.