ఫ్రీగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌తో జాగ్రత్త!

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే ఖమ్మం నుంచి మా బాబాయి కొడుకు వాట్సాప్‌లో ఒక ఫొటో పంపాడు. ఏదో షాపువాళ్లు రాసిచ్చిన కొటేషన్. కింద వాడి మెసేజ్: 'అన్నా, ఐ7 గేమింగ్ పీసీ అంట. మానిటర్‌తో కలిపి 38 వేలే! మిగిలిన 12 వేలకి గేమింగ్ చైర్ తీసుకోనా?'

వాడు బీటెక్ ఫస్టియర్. వాలరెంట్, జీటీఏ 5 ఆడాలని కోరిక. బాబాయికి మాత్రం 'కోడింగ్ కోసం' అని చెప్పాడు. ఆయన మిర్చి అమ్మిన డబ్బుల్లోంచి 50 వేలు తీసి చేతిలో పెట్టాడు. మళ్లీ అడిగితే ఇచ్చే పరిస్థితి లేదు. అందుకే కాఫీ పక్కన పెట్టి ఆ కాగితం మొత్తం చదివాను.

ఐ7 అన్నమాట నిజమే. కానీ అది ఐ7-4770. నాలుగో తరం, 2013 నాటిది. విండోస్ 11కి అధికారికంగా పనికిరాదు. ఐ3, ఐ5, ఐ7 అని మురిసిపోయే ముందు పక్కనున్న నంబరు చూడాలి. 4770 అంటే నాలుగో తరం, 12100 అంటే పన్నెండో తరం.

గ్రాఫిక్స్ కార్డు జీటీ 730. పక్కన '4 జీబీ' అని పెద్ద అక్షరాలు. ఆ నంబరు కార్డులో మెమరీ ఎంతుందో చెబుతుంది, వేగం ఎంతో చెప్పదు. సీట్లు లెక్కపెట్టి బస్సు స్పీడు చెప్పలేం కదా!

చివరి లైను: 'ఎస్‌ఎంపీఎస్ 450 వాట్స్, క్యాబినెట్‌తో ఫ్రీ'. అది చూడగానే ఫోన్ చేసి 'అడ్వాన్స్ ఏమైనా ఇచ్చావా?' అని అడిగాను. ఇవ్వలేదన్నాడు. హమ్మయ్య అనుకున్నా.

ఎందుకంటే ఆ ఫ్రీ డబ్బా నాకు బాగా తెలుసు. 2017లో నేను బీటెక్ సెకండియర్. అమ్మ చీటీ పాడిన డబ్బుతో మొదటి పీసీ కట్టుకున్నా. ప్రాసెసర్ గురించి, కార్డు గురించి నెల రోజులు వీడియోలు చూశాను. ఎస్‌ఎంపీఎస్ గురించి ఒక్కటీ చూడలేదు. క్యాబినెట్‌తో వచ్చేసింది కదా, అదే చాలనుకున్నా.

ఏడో నెలలో ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. 'టప్' మని చప్పుడు, ఆ వెంటనే కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే పోతే సరిపోయేది. అది పోతూ పోతూ మదర్‌బోర్డునీ, గ్రాఫిక్స్ కార్డునీ కూడా తీసుకుపోయింది. కాలిన గుర్తులున్నాయని వారంటీ కూడా ఇవ్వలేదు. ఇంట్లో 'రిపేరుకిచ్చా' అని అబద్ధం చెప్పాను. పనిచేయని పీసీ కోసం అమ్మ ఇంకో తొమ్మిది నెలలు చీటీ కడుతూనే ఉంది.

ఎస్‌ఎంపీఎస్ చేసే పనేంటంటే, గోడ నుంచి వచ్చే 230 వోల్టుల కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి లోపలి భాగాలకు పంచడం. మంచిదైతే వోల్టేజీ హద్దు దాటినా, షార్ట్ అయినా తనంతట తాను ఆగిపోతుంది. చవకదాంట్లో మొదట కోత పడేది ఈ రక్షణలకే.

స్టిక్కర్ మీద '450' చూసి నమ్మొద్దు. దాని కిందే చిన్న పట్టిక ఉంటుంది. అందులో 12 వోల్టుల లైనుకి ఎన్ని ఆంపియర్లో చూడండి. 18 ఆంపియర్లు అని ఉంటే 12తో గుణించండి: 216 వాట్లు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా ఆధారపడేది ఈ లైను మీదే. '80 ప్లస్' గుర్తు కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెబుతుంది. అదొక్కటే చాలదు, వారంటీ ఎన్నేళ్లో కూడా చూడాలి. ఐదేళ్లు ఇచ్చేది దొరికితే మంచిది.

తమ్ముడికి నేను రాసిచ్చిన లిస్టు ఇదీ. రైజెన్ 5 5600 ప్రాసెసర్: 6 కోర్లు, కూలర్ బాక్సులోనే వస్తుంది. మామూలు బీ550 మదర్‌బోర్డు. 8 జీబీ ర్యామ్ స్టిక్కులు రెండు. 16 జీబీది ఒక్కటే పెట్టడం కంటే ఇదే నయం, రెండు దారుల్లో డేటా వెళ్తుంది. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ. ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డు: 8 జీబీ, 132 వాట్లు. పేరున్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ముందువైపు జాలీ ఉన్న సాదా క్యాబినెట్.

ఇంట్లో పాత 1080పీ మానిటర్ ఉంది కాబట్టి ఆ ఖర్చు తప్పింది. బడ్జెట్‌లో దాదాపు నలభై శాతం గ్రాఫిక్స్ కార్డుకే కేటాయించాను, గేములు ఆడించేది అదే కాబట్టి. కోత పెట్టాలంటే రంగు లైట్లు, గాజు తలుపులు, చైర్ మీద పెట్టండి. స్టోరేజీ తర్వాత పెంచుకోవచ్చు. ర్యామ్ రేట్లు మాత్రం నిలకడగా ఉండవు, కొనే రోజే చూసుకోండి.

మరుసటి శనివారం ఇద్దరం సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాం. 'క్యాబినెట్‌తో ఫ్రీగా వస్తుంటే వేరే ఎస్‌ఎంపీఎస్ దేనికి సార్?' అన్నాడు కౌంటర్లో అబ్బాయి. నేను నోరు తెరిచేలోపే తమ్ముడు, 'అది మీరే ఉంచుకోండన్నా' అన్నాడు. బిల్లు 50 వేలు దాటి పదమూడు వందలు ఎక్కువైంది. అది నేనిచ్చాను. సీరియల్ నంబర్లతో జీఎస్టీ బిల్లు రాయించుకున్నాం. రేపు వారంటీ అడగాలంటే ఆ కాగితమే దిక్కు.

ఇంటికెళ్లి బిగించాక రెండు పనులు మర్చిపోవద్దని చెప్పా. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాదు, గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. ఈ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ లేవు, మదర్‌బోర్డుకి పెడితే స్క్రీన్ రాదు. రెండోది, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాలి. లేకపోతే 3200 స్పీడుకి డబ్బులిచ్చి తక్కువ స్పీడుతో వాడుకుంటాం.

రాత్రి బాబాయి వీడియో కాల్ చేశాడు. నల్లగా, నిశ్శబ్దంగా ఉన్న ఆ పెట్టెను కాసేపు చూసి, 'యాభై వేలు పెడితే ఒక్క లైటన్నా లేదేంట్రా?' అన్నాడు.

వచ్చే వారం: సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొనేముందు చూడాల్సినవి.