చాక్లెట్ కింద దాక్కున్న పులుపు

హంగరీలో క్రిస్మస్ వస్తోందంటే చాలా ఇళ్లలో ఒక ట్రే జెర్బో తయారవుతుంది. పైన నల్లగా మెరిసే చాక్లెట్, కింద మూడు పల్చటి పిండి పొరలు, వాటి మధ్య రెండు వరసలు ఆప్రికాట్ జామ్, వాల్‌నట్ పొడి. ఫొటో చూసి బ్రౌనీ అనుకుంటారు. కానే కాదు. కొరికితే ముందు చాక్లెట్ చేదు, వెంటనే జామ్ పులుపు, చివర్లో వాల్‌నట్ కమ్మదనం.

పేరు మాత్రం ఒక మనిషిది. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఎమిల్ జెర్బో 1884లో బుడాపెస్ట్ వచ్చి ఒక మిఠాయి కొట్లో చేరాడు, తర్వాత దాని ఓనరే అయ్యాడు. ఆయన పేరుతో ఆ కేఫ్ ఇప్పటికీ ఉంది. 1896లో మొదలైన మెట్రో లైన్ చివరి స్టేషన్‌లో దిగి మెట్లెక్కితే అక్కడే. లోపల కూర్చుని తినడం బాగానే ఉంటుంది, బిల్లు వచ్చేదాకా. నన్నడిగితే అసలు జెర్బో ఇళ్లలోనే దొరుకుతుంది.

ఉద్యోగం కోసం నేను ఈ ఊరొచ్చి రెండేళ్లు. మా పక్క ఫ్లాట్‌లో డెబ్బై దాటిన పెద్దావిడ ఉంటారు. మనం పిన్నిగారూ అన్నట్టు ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్లని ‘నేని’ అంటారు. ఆవిడకి వేళ్ల కీళ్లు బిగుసుకుపోయి అప్పడాల కర్ర పట్టుకోవడం కష్టమైపోయింది. పండక్కి కూతురు, మనవలు వియన్నా నుంచి వస్తారు. బయట కొన్న జెర్బో పిల్లలు ముట్టరట. “మీవాళ్లు రొట్టెలు చేస్తారుగా, నీకు ఒత్తడం వచ్చే ఉంటుంది” అని పిలిచారు. చపాతీలతో బతికే బ్యాచిలర్ చేతులకి ఇంత డిమాండ్ ఎప్పుడూ లేదు!

చిక్కేంటంటే ఆవిడ దగ్గర కొలతలు లేవు. మైదా ఎంత? ‘ఎలేగ్’. చక్కెర? ‘ఎలేగ్’. అంటే ‘చాలినంత’ అని. డాక్యుమెంటేషన్ లేని పాత కోడ్ లాంటిదన్నమాట. రాసినవాళ్లు ఎదురుగా ఉన్నప్పుడే అడిగి రాసుకోవాలి కదా. అందుకే గిన్నె కింద కాటా పెట్టి, ఆవిడ వేసిన ప్రతి గుప్పెడూ తూచి ఫోన్‌లో ఎక్కించా.

అర కిలో మైదాలో 250 గ్రాముల చల్లటి బటర్‌ని వేళ్లతో నలపాలి. అందులో 50 గ్రాముల చక్కెర, ఒక గుడ్డు, చిటికెడు ఉప్పు. 7 గ్రాముల డ్రై ఈస్ట్‌ని గోరువెచ్చటి పాలల్లో కలిపి పోసి ముద్ద చేయాలి. పాలు ఓ 120 మిల్లీలీటర్లు పట్టాయి. ఇది బ్రెడ్‌లా పొంగే పిండి కాదు, కంగారు పడకండి. అరగంట వదిలేసి మూడు భాగాలు చేసి, ట్రే సైజుకి పల్చగా ఒత్తాలి. పొర ఎత్తేటప్పుడు చిరగకుండా కర్రకి చుట్టి ట్రేలో పరవాలి, ఇది నేని ట్రిక్. ఒక్కో పొర మీద జామ్ పూసి, 250 గ్రాముల వాల్‌నట్, 200 గ్రాముల చక్కెర కలిపి కొట్టిన పొడిలో సగం చల్లాలి. పై పొరకి ఫోర్క్‌తో పొడిచి, 180 డిగ్రీల్లో అరగంట పైన బేక్ చేయాలి.

పూర్తిగా చల్లారాక బోర్లించి, చదునుగా ఉన్న అడుగు మీద 150 గ్రాముల డార్క్ చాక్లెట్, కాస్త బటర్ కరిగించి పోయాలి. బటర్ వేయకపోతే కోసేటప్పుడు చాక్లెట్ పెంకులా పగులుతుంది. కత్తిని వేడినీళ్లలో ముంచి, మర్నాడే కోయాలి. జామ్ తడి పొరలకి పట్టాలంటే ఆ రాత్రి ఆగక తప్పదు.

మిక్స్‌డ్ ఫ్రూట్ జామ్‌తో చేస్తానంటే మాత్రం నేను ఒప్పుకోను. ఆ తీపికి ఈ చక్కెర తోడైతే రెండో ముక్క తినలేం. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి అసలు బెంగే లేదు, ఖుబానీ కా మీఠాకి వాడే ఎండు ఖుబానీ అంటే ఆప్రికాటే. రాత్రి నానబెట్టి, గింజలు తీసి, కొద్దిగా చక్కెరతో ఉడికించి, పుల్లగా తగిలేలా నిమ్మరసం పిండండి.

ఆ కొలతలన్నీ హంగేరియన్‌లో ప్రింట్ తీసి నేని ఫ్రిజ్‌కి అంటించా. పండక్కి వచ్చిన కూతురు ఆ కాగితం ముందు కాసేపు అలాగే నిలబడి, తర్వాత ఫొటో తీసుకుంది. ఎన్నేళ్లుగా అడిగినా ఆమెకి దొరికింది ‘ఎలేగ్’ ఒక్కటేనట.

మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెడితే జెర్బో వారం ఉంటుంది. మూడో రోజుకి ఇంకా బాగుంటుంది, మిగిలితే.