స్పెషల్‌ టీచర్‌ అవుతారా? నాటకమూ నేర్చుకోండి!

బీఈడీ వైపు చూస్తున్న కోటబొమ్మాళి కుర్రాళ్లూ, అమ్మాయిలూ ఒక మార్పును గమనించాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం టీచరు పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయాలని 2025 మార్చిలో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తర్వాత మన రాష్ట్రంలో 2,260 స్పెషల్‌ టీచర్‌ పోస్టులు కొత్తగా మంజూరయ్యాయి. ప్రాథమిక స్థాయిలో ఇలాంటి 10 మంది పిల్లలకు ఒక టీచరు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలన్నది నిబంధన.

మరి పోస్టు నిండితే చాలా? 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. ఈ పిల్లల్లో చాలామందికి లెక్కలకంటే తోటివాళ్లతో మెలగడమే కష్టం. తన వంతు ఎప్పుడొస్తుంది? ఎదుటివారి ముఖంలో ఉన్నది కోపమా, నవ్వా? బోర్డు మీద రాస్తే ఇవి రావు, ఆడి చూడాలి. కొట్టుకెళ్లి బెల్లం అడగడం, బస్సులో సీటు అడగడం లాంటి చిన్న సన్నివేశాలను మళ్లీ మళ్లీ ఆడించడం డ్రామా థెరపీలో ఒక పద్ధతి. తప్పు చేసినా ఎవరూ నవ్వరు, మళ్లీ మొదలుపెట్టొచ్చు.

అమెరికాలో బ్లైత్‌ కార్బెట్‌ బృందం ‘సెన్స్‌ థియేటర్‌’ పేరుతో 8-14 ఏళ్ల పిల్లలు 30 మందితో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. శిక్షణ పొందిన తోటి పిల్లలే అందులో జోడీలు. నాటకంలో పాల్గొన్నవారికి ముఖాలను గుర్తుపెట్టుకోవడం మెరుగైంది. అధ్యయనం చిన్నదే. పైగా నాటకం ఆటిజాన్ని ‘పోగొట్టే’ మందు కాదు. అలా చెప్పేవాళ్లను నమ్మకండి.

మన సిక్కోలు వాళ్లకు దరువు కొత్త కాదు, తప్పెటగుళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. కానీ పెద్ద చప్పుడు ఈ పిల్లల్లో కొందరికి నరకం. తప్పెట పక్కనపెట్టి, మెల్లగా చప్పట్లతో మొదలెట్టాలి. ఇష్టపడని పిల్లాడిని బలవంతంగా ఆటలోకి లాగకూడదు.

ఇక కెరీర్‌ మాట. ‘డ్రామా థెరపిస్ట్‌’ పేరుతో డీఎస్సీలో పోస్టు లేదు. నాలుగు రోజుల సర్టిఫికెట్‌ పట్టుకుంటే ఉద్యోగం రాదు. ముందు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన స్పెషల్‌ డీఈడీ లేదా బీఈడీ చేయండి. ఫీజు కట్టేముందు కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో చూసుకోండి. కోర్సయ్యాక ఆర్‌సీఐలో రిజిస్టర్‌ కావాలి. నాటకం దానికి అదనపు బలం. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి థియేటర్‌ ఆర్ట్స్‌ విభాగం ఉంది.

అన్నిటికంటే ముందు, దగ్గర్లోని భవిత కేంద్రానికి అనుమతి తీసుకుని వెళ్లండి. ఒక పూట ఆ పిల్లలతో కూర్చుంటే ఈ పని మీకు సరిపడుతుందో లేదో మీకే తెలిసిపోతుంది.